పెద్దల్లో పైలోరస్ కండర అతివృద్ధి

జీర్ణాశయం ముగిసి చిన్నపేగు మొదలయ్యే చోట ఉండే ఇరుకు ద్వారాన్ని పైలోరస్ అంటారు. ఆ ద్వారం చుట్టూ వలయంగా అల్లుకున్న కండరం, క్యాన్సర్ కణమంటూ ఒక్కటీ లేకుండానే, ఉండాల్సిన దానికి రెండింతలు మూడింతలు మందమెక్కి దారిని బిగించేయడమే పైలోరస్ కండర అతివృద్ధి. పుట్టిన కొన్ని వారాలకే పసిపిల్లల్లో బయటపడే జబ్బుగా ఇది పిల్లల వైద్యులందరికీ తెలుసు. పెద్దవాళ్లలో మాత్రం చాలా అరుదు. దాదాపు రెండు శతాబ్దాల వైద్య సాహిత్యాన్ని తిరగేసినా ప్రపంచం మొత్తం మీద నమోదైన కేసులు కొన్ని వందలకు మించవు. నలభై, యాభై ఏళ్ల మనిషికి తిన్నది నిలవక, బరువు తగ్గిపోయి, స్కానింగ్‌లో జీర్ణాశయం చివరి గోడ మందంగా కనిపిస్తే డాక్టరు మనసులో మొదట మెదిలేది క్యాన్సరే. మెదలాలి కూడా. ఈ అతివృద్ధి ప్రాణం తీసే జబ్బు కాదు. కానీ ప్రాణం తీసే జబ్బుకు ఇది ఎంత దగ్గరగా కనిపిస్తుందంటే, కండరాన్ని లోతుగా పరీక్షించకుండా ఇది ఫలానా అని తేల్చిచెప్పడం సాహసమే అవుతుంది.

ద్వారం, దాని కండరం

పైలోరస్‌ను తెరుచుకుని మూసుకునే తలుపుగా మాత్రమే చూస్తే దాని పని సగమే అర్థమవుతుంది. నమిలి మింగిన అన్నం జీర్ణాశయం పైభాగంలో కాసేపు నిలిచి, ఆంట్రమ్ అనే కింది భాగంలోకి దిగుతుంది. అక్కడ నిమిషానికి సుమారు మూడు చొప్పున కండర అలలు పైలోరస్ వైపు నడుస్తాయి. అల దగ్గరికి వచ్చేసరికి ద్వారం దాదాపుగా మూసుకుంటుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల పరిమాణానికి నలిగిన పదార్థమే అవతలికి జారుతుంది, మిగిలింది వెనక్కి మళ్లుతుంది. రుబ్బురోట్లో మెదగని పప్పును చేత్తో మళ్లీ పొత్రం కిందికి తోస్తారే, అలాంటి పనే ఇది. గట్టి ఆహారం పూర్తిగా దిగిపోవడానికి నాలుగు గంటల దాకా పడుతుంది. అంటే ఈ కండరానికి బిగుసుకోవడం ఎంత అవసరమో, వేళకు సడలడమూ అంతే అవసరం. ఈ జబ్బులో చెడేది ఆ సడలడమే.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో పైలోరస్ కండరం మందం సుమారు 4 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అతివృద్ధిలో అది 9 మిల్లీమీటర్లు దాటుతుంది, ఒక్కోసారి సెంటీమీటరున్నరకో అంతకు మించో చేరుతుంది. మామూలుగా సెంటీమీటరు లోపు పొడవుండే పైలోరస్ సొరంగం రెండు, మూడు సెంటీమీటర్లకు సాగుతుంది. ఈ మందం అంతటా ఒకేలా ఉండదు. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలాన్ని తాకే అంచున అది అన్నిటికంటే ఎక్కువగా ఉండి అక్కడికక్కడే తెగినట్టు ఆగిపోతుంది. జీర్ణాశయం వైపు మాత్రం మెల్లమెల్లగా సన్నబడుతూ పోతుంది. ఎక్స్‌రే బొమ్మల్లో కనిపించే చాలా గుర్తులకు ఈ ఆకారమే మూలం కాబట్టి దీన్ని మనసులో ఉంచుకోవడం మంచిది.

ఈ ఆకారం వెనకున్న అమరికను 1942లో నార్వేకు చెందిన యోహాన్ టోర్గెర్సన్ వివరంగా చూపించారు. పైలోరస్ దగ్గర కండరం ఒకే వలయం కాదని, రెండు వలయాలున్నాయని, జీర్ణాశయపు పెద్ద వంపు వైపు ఎడంగా ఉండే ఆ రెండూ చిన్న వంపు దగ్గర ఒకే ముడిలో కలుస్తాయని ఆయన చెప్పారు. కొందరిలో వలయమంతా కాకుండా ఆ ముడి ఒక్కటే ఉబ్బుతుంది. అప్పుడు చిన్న వంపు మీద ఒక పక్కగా గడ్డ లేచినట్టు కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ జబ్బు రూపాలన్నిటిలో ఎక్కువగా మోసం చేసేది ఈ ముడి వాపే. చుట్టూ సమంగా పెరిగిన కండరాన్ని చూసి అతివృద్ధి అని ఊహించే వైద్యుడు కూడా, ఒక పక్కనే లేచిన ఉబ్బును చూస్తే కణితి అనే అనుకుంటాడు.

మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే వలయ కండరపు పోగులు లావెక్కి, సంఖ్యలోనూ పెరిగి ఉంటాయి. అయినా వాటి వరుస చెదరదు. పై నిలువు కండరం మామూలుగానో, కాస్త పల్చబడో ఉంటుంది. లోపలి శ్లేష్మస్తరం చాలావరకు ఏ మార్పూ లేకుండా ఉంటుంది. అల్సర్ మానిన చోట కనిపించే మచ్చకణజాలం అచ్చమైన అతివృద్ధిలో దాదాపుగా ఉండదు. క్యాన్సర్‌లో పొరల హద్దులు చెరిగిపోతే ఇక్కడ ప్రతి పొరా తన చోటే ఉంటుంది, ఒక్క పొర మాత్రం అతిగా పెరుగుతుంది.

ఈ జబ్బును గుర్తించిన తీరు

పెద్దవారిలో ఈ స్థితిని మొదట వర్ణించిన ఘనత ఫ్రెంచ్ వైద్యుడు జాన్ క్రువెయ్యేకు దక్కుతుంది. 1835లో ఆయన దీన్ని ప్రస్తావించారు. శవ పరీక్షల్లో తాను చూసిన అవయవాలను రంగుల పలకలపై అచ్చువేయించిన ఆయన మహాగ్రంథం 1829 నుంచి 1842 దాకా భాగాలుగా వెలువడింది. జీర్ణాశయంలో వచ్చే మామూలు అల్సర్‌ను క్యాన్సర్ నుంచి స్పష్టంగా వేరుచేసి చూపించిందీ ఆయనే. అప్పటిదాకా జీర్ణాశయంలో గట్టిపడిన ప్రతి భాగాన్నీ, ప్రతి పుండునూ క్యాన్సర్ ఖాతాలో వేసేవారు. ఎక్స్‌రే లేదు, ఎండోస్కోపీ లేదు, ఉన్నవి కళ్లు, కత్తి, శవం. వాటితోనే ఆయన క్యాన్సర్ కాని రెండు జబ్బులను క్యాన్సర్ నీడ నుంచి బయటికి లాగారు. ఈ వ్యాసం చెప్పదలచినదంతా ఆ ప్రయత్నానికి కొనసాగింపే.

ఆ తరువాత 1879లో లాండెరర్, 1885లో రుడాల్ఫ్ మాయర్ అనే జర్మన్ వైద్యులు పెద్దవారిలో కనిపించే ఇరుకు పైలోరస్ పుట్టుకతో వచ్చిందని వాదించారు. పసిపిల్లల జబ్బుకు ఇంకా సరైన గుర్తింపే రాని కాలమది. డెన్మార్క్‌కు చెందిన హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ ఇద్దరు శిశువుల వివరాలు ప్రచురించి, దాన్ని ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టింది 1888లో. శిశువుల్లో ఇది పుట్టిన మూడు నుంచి ఆరు వారాల మధ్య, అమ్మాయిల కంటే అబ్బాయిల్లో నాలుగింతలు ఎక్కువగా, తాగిన పాలు దూరంగా ఎగజిమ్మేంత బలమైన వాంతులతో మొదలవుతుంది. 1911లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో కాన్రాడ్ రామ్‌స్టెడ్ మందమెక్కిన కండరాన్ని నిలువుగా చీల్చి, లోపొర తెగకుండా ఒక శిశువును బతికించారు. చీల్చిన కండరానికి కుట్లు వేయకుండా వదిలేసే ఆ పద్ధతే ఈనాటికీ శిశువులకు ప్రామాణిక చికిత్స. పెద్దవారి విషయంలో మాత్రం అంత తేలిక దారి దొరకలేదు.

రోగి బతికుండగానే ఈ జబ్బును అనుమానించే అవకాశం బేరియం ఎక్స్‌రేతో వచ్చింది. 1933లో రెండు ముఖ్యమైన వర్ణనలు వెలువడ్డాయి. అమెరికాలో కిర్క్‌లిన్, హ్యారిస్ కలిసి ఒక గుర్తును, ఇంగ్లండ్‌లో ట్వైనింగ్ మరొక గుర్తును చెప్పారు. 1959లో కెనడాకు చెందిన స్టాన్లీ స్కోరినా సహచరులతో కలిసి, పైలోరస్ నిర్మాణానికీ పనితీరుకూ ముడిపెట్టి పెద్దవారిలోని ప్రాథమిక అతివృద్ధిని అధ్యయనం చేశారు.

కారణాలు

పెద్దవారిలో కనిపించే అతివృద్ధిని వైద్యులు స్థూలంగా మూడు రకాలుగా చూస్తారు. శైశవంలోనే స్వల్పంగా ఉండి, గుర్తింపుకు రాకుండా పెద్దయ్యాక బయటపడేది ఒకటి. అల్సర్, దీర్ఘకాలపు జీర్ణాశయ వాపు, పక్కనున్న అవయవాలతో అతుకులు వంటి వేరే కారణం వల్ల పైలోరస్ ఏళ్ల తరబడి బిగుసుకుని పనిచేసి, ఆ శ్రమతో కండరం పెరిగేది రెండోది. పై రెండింటిలో ఏదీ దొరకనిది మూడోది, ఇదే అసలైన ప్రాథమిక అతివృద్ధి.

ఆచరణలో ఈ హద్దులు అంత గట్టివి కావు. మైక్రోస్కోపులో పెద్దవారి కండరం శిశువు కండరంలాగే కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ కడుపు సరిగా ఉండేది కాదని కొందరు రోగులు చెబుతారు. ఒకే కుటుంబంలో ఒకరికి శైశవంలో, మరొకరికి నడివయసులో వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ మొదటి రకం వైపే మొగ్గు చూపుతాయి. మరోవైపు, ఈ జబ్బున్న పెద్దవారిలో చాలామందికి జీర్ణాశయంలో అల్సర్ కూడా ఉంటుంది, అదీ ఎక్కువగా చిన్న వంపు మీద. అల్సర్ వల్ల కండరం బిగిసి పెరిగిందా, లేక కండరం అడ్డుపడి ఆహారమూ ఆమ్లమూ నిల్వ ఉండిపోవడం వల్ల అల్సర్ వచ్చిందా? రెండు దారులూ సాధ్యమే. ఆహారం నిలిచి ఆంట్రమ్ ఉబ్బితే గ్యాస్ట్రిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలై ఆమ్లం పెరుగుతుంది, ఆ ఆమ్లం పుండును పెంచుతుంది. ఒకసారి మొదలైతే ఒకదాన్నొకటి పోషించుకునే చక్రమిది.

సడలింపు ఎందుకు చెడుతుందన్న ప్రశ్నకు కొంత జవాబు నాడుల్లో దొరికింది. నున్నని కండరాన్ని వదులు చేసే ముఖ్య సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు, దాన్ని నాడీకణాలే తయారుచేస్తాయి. 1992లో బెల్జియం పరిశోధకుడు వాండర్‌విండెన్ బృందం, ఈ జబ్బున్న శిశువుల పైలోరస్ కండరంలోని నాడుల్లో ఆ వాయువును తయారుచేసే ఎంజైమ్ లోపించిందని చూపించింది. కండరపు అలలకు లయనిచ్చే కజాల్ కణాలు కూడా అక్కడ తక్కువగా ఉంటాయని ఇతర పరిశీలనల్లో తేలింది. జబ్బున్న కండరంలో నాడీకణాల ముడులు క్షీణించి ఉండటాన్ని 1953 నాటికే బెల్డింగ్, కెర్నోహాన్ వర్ణించారు. వదులు కావాలన్న సంకేతం అందని కండరం బిగిసి ఉంటుంది, బిగిసి ఉన్న కండరం పెరుగుతుంది. నమోదైన రోగుల్లో దాదాపు 80 శాతం మగవారే. శిశువుల్లో కనిపించే మగ పక్షపాతం ఇక్కడా కొనసాగడం రెండు జబ్బుల మూలం ఒకటేనన్న వాదనకు బలమిస్తుంది.

రోగి ఏం చెబుతాడు

మొదట్లో రోగి చెప్పే మాటలు మన ఇళ్లలో రోజూ వినిపించేవే: రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది, తిన్నది అరగడం లేదు, గ్యాస్ ట్రబుల్. బొడ్డు పైన బరువుగా, నొప్పిగా ఉంటుంది, వాంతి అయితే హాయిగా ఉంటుంది. ఈ దశలో ఏళ్లు గడిచిపోవచ్చు. మందుల షాపులో గ్యాస్ మాత్రలు కొనుక్కుని నెట్టుకొచ్చేవారు ఎందరో. తరువాత వాంతులు పెరుగుతాయి, వాటిలో నిన్న తిన్న అన్నం మెతుకులు కనిపిస్తాయి. మరో సంగతి గమనించాలి: ఆ వాంతిలో పసరు ఉండదు. పసరు వచ్చి కలిసేది పైలోరస్ దాటాక, ఆంత్రమూలంలో. పసరు వాంతి అవుతోందంటే అడ్డు ఆ కిందెక్కడో ఉండాలి. పసరు జాడే లేకుండా నిల్వ అన్నం వాంతి అవుతోందంటే అడ్డు పైలోరస్ దగ్గరే ఉందని అర్థం. పల్లెల్లో పెద్దవాళ్లు వాంతిలో పసరు ఉందో లేదో చూసి చెప్పే అలవాటు వైద్యానికి నిజంగా పనికొచ్చేదే.

పరీక్షలో, ఏమీ తినకుండా గంటలు గడిచాక కూడా రోగి పొట్టను కదిపితే లోపల నీళ్లు గలగలమని వినిపిస్తాయి. శిశువుల్లో చేతికి తగిలే చిన్న గడ్డ పెద్దవారిలో చాలా అరుదుగా తప్ప తగలదు.

వాంతులు ఎక్కువ కాలం సాగితే ఒంట్లో ఉప్పుల లెక్క తప్పుతుంది. జీర్ణరసంలో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం బయటికి పోయేకొద్దీ రక్తంలో క్లోరైడ్ పడిపోతుంది, రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. సోడియాన్నీ నీటినీ కాపాడుకునే ప్రయత్నంలో మూత్రపిండాలు పొటాషియంను బయటికి పంపేస్తాయి. చివరికి పొటాషియం కూడా అడుగంటాక, రక్తం క్షారంగా ఉన్నా మూత్రం మాత్రం ఆమ్లంగా వస్తుంది. వైద్య విద్యార్థులను తికమక పెట్టే ఈ వైరుధ్యం, ఒళ్లు నీటి కోసం ఎంత అల్లాడుతోందో చెప్పే గుర్తు. ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు ఉప్పు సెలైన్, పొటాషియం ఎక్కించి దీన్ని సరిచేయాలి. వారాల తరబడి వాంతులైన మనిషికి బి1 విటమిన్ ఇవ్వకుండా నేరుగా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇది తెలియక జరిగే నష్టం పూర్తిగా నివారించదగింది.

పోలికలు, పరీక్షలు

పైలోరస్ దగ్గర దారి మూసుకుపోయిన మనిషి ఆస్పత్రికి వస్తే వైద్యుడి ముందు పెద్ద జాబితాయే ఉంటుంది. అన్నం ప్రధానంగా తినే దక్షిణాదిలో, ఉత్తరాది గోధుమ ప్రాంతాలతో పోలిస్తే ఆంత్రమూలపు అల్సర్లు ఎక్కువని భారతీయ వైద్యులు ఎప్పుడో గమనించారు. తెలుగు జిల్లాలూ ఆ ప్రాంతంలోనివే. ఆ అల్సర్ మాని, మచ్చకట్టి దారి మూసుకుపోవడం ఒకప్పుడు మన సర్జికల్ వార్డుల్లో సాధారణ దృశ్యం. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని వెలికితీసి, అల్సర్‌కు అది కారణమని నిరూపించాక పరిస్థితి మారింది. యాంటీబయాటిక్స్‌తో, ఆమ్లాన్ని తగ్గించే మందులతో అల్సర్లు తగ్గాయి. ఇప్పుడు పెద్దవారిలో ఈ అడ్డుకు ముందు వరుసలో ఉన్న కారణం జీర్ణాశయ క్యాన్సర్. దాని వెనక బాత్రూం యాసిడ్ తాగినవారిలో కాలి ముడుచుకుపోయిన పైలోరస్, క్షయ, క్రోన్స్ వ్యాధి, పాంక్రియాస్ గడ్డలు ఉంటాయి. ఇన్ని కారణాల తర్వాత ఎక్కడో అట్టడుగున కండర అతివృద్ధి ఉంటుంది. అరుదైనదాన్ని ముందే ఊహించడం వైద్యం కాదు. కానీ జాబితాలో అది ఉందన్న సంగతే మరిచిపోతే, పై కారణాలేవీ సరిపోని రోగి ఏ గుర్తింపూ లేకుండా మిగిలిపోతాడు.

బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో పైలోరస్ సొరంగం దారంలా సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. ఆంత్రమూలం వైపు తెగినట్టు ఆగిన కండరం దాని అడుగును లోపలికి నొక్కి పుట్టగొడుగు ఆకారాన్నిస్తుంది. కిర్క్‌లిన్ చెప్పిన గుర్తు ఇదే. రెండు కండర వలయాల మధ్య సందులోకి బేరియం చొరబడి మొనలా నిలిస్తే అది ట్వైనింగ్ గుర్తు. క్యాన్సర్‌లో సొరంగం అంచులు ఎగుడుదిగుడుగా ఉండి లోపొర ముడతలు తెగిపోతాయి. అతివృద్ధిలో ముడతలు తెగకుండా సమాంతరంగా సాగుతాయి. కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్ ఇచ్చాక కూడా ఇరుకు అలాగే ఉంటే అది తాత్కాలికమైన బిగింపు కాదని తేలుతుంది.

ఎండోస్కోపీలో కనిపించేదాన్ని 1970లో షుస్టర్, స్మిత్ వర్ణించారు. నున్నని అంచుతో, మధ్యలో చిన్న రంధ్రంతో, పూర్తిగా తెరుచుకోకుండా, పూర్తిగా మూసుకోకుండా ఉన్న పైలోరస్ వారికి గర్భాశయ ముఖద్వారాన్ని గుర్తుచేసింది. ఆ పేరే ఆ గుర్తుకు స్థిరపడింది. సెంటీమీటరు మందం కూడా లేని ఎండోస్కోపు గొట్టం ఎంత ప్రయత్నించినా అవతలికి వెళ్లదు.

వైద్యుడూ రోగీ ఇద్దరూ పొరబడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఎండోస్కోపీలో మామూలుగా తీసే బయాప్సీ ముక్క పైపై శ్లేష్మస్తరం నుంచి వస్తుంది. అతివృద్ధి ఉన్నది దానికి రెండు పొరల కింద. కాబట్టి రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవు, స్వల్ప వాపు అని వస్తుంది. ఆ ఒక్క మాటతో క్యాన్సర్ లేదని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. జీర్ణాశయ గోడ లోలోపలే పాకి, మొత్తాన్ని తోలులా గట్టిపరిచే ఒక రకం క్యాన్సర్‌లో కూడా పై పొర చెక్కుచెదరనట్టే కనిపించి, బయాప్సీ పదేపదే ఖాళీగా వస్తుంది. హానిలేని జబ్బు, హానికరమైన జబ్బు రెండూ ఒకే రిపోర్టు ఇస్తున్నప్పుడు ఆ రిపోర్టు ఏ ఒక్కదాన్నీ నిరూపించదు. బయాప్సీ బాగుందట అని ఇంటికి వెళ్లిపోయే రోగికి ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెప్పాలి.

ఈ చిక్కును చాలావరకు విప్పేది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. ఎండోస్కోపు కొసకే అల్ట్రాసౌండ్ పరికరం అమర్చి లోపలి నుంచి గోడను చూస్తే అది ఐదు పొరలుగా కనిపిస్తుంది. అందులో నాలుగోది కండరం. అతివృద్ధిలో ఆ నాలుగో పొర ఒక్కటే నల్లగా, చుట్టూ సమానంగా మందమెక్కి ఉంటుంది, మిగిలిన పొరల గీతలు స్పష్టంగా ఉంటాయి. క్యాన్సర్‌లో గీతలు కలగాపులగమై పక్కనున్న లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. అవసరమైతే అదే పరికరంతో సూది గుచ్చి కండరం లోపలి నుంచే ముక్క తీయవచ్చు. సీటీ స్కాన్ గోడ మందాన్ని, చుట్టుపక్కల వ్యాప్తిని చూపుతుంది కానీ ఏ పొర మందమెక్కిందో అంత సూటిగా చెప్పలేదు.

కండర పొరలోనే పుట్టే నిజమైన కణితుల నుంచి కూడా దీన్ని వేరుచేయాలి. లియోమయోమా నున్నని కండర కణాల నుంచి పుట్టే హానిలేని గడ్డ, అది ఒకచోట ఉండలా చుట్టుకుంటుంది. జిస్ట్ అనే కణితి కజాల్ కణాల వంశానికి చెందింది, దానిలో కిట్ అనే జన్యువు మార్పును 1998లో జపాన్‌లో హిరోటా బృందం కనుగొంది. అతివృద్ధిలో లోపిస్తున్న కణజాతే జిస్ట్‌లో అదుపు తప్పి పెరగడం జీవశాస్త్రపు విచిత్రాల్లో ఒకటి. బయాప్సీ ముక్కకు కిట్ రంగు పరీక్ష చేస్తే ఈ రెండూ సాధారణంగా విడిపోతాయి.

చికిత్స

లక్షణాలు లేకుండా వేరే పరీక్షలో అనుకోకుండా బయటపడ్డ స్వల్ప అతివృద్ధికి, క్యాన్సర్ కాదని గట్టిగా తేలితే, చేయాల్సింది ఏమీ లేదు. దారి మూసుకుపోయినవారికి మందులతో శాశ్వతమైన మేలు జరగదు. అల్సర్ తోడుగా ఉంటే దానికి మందులివ్వాలి, కానీ పెరిగిన కండరం వాటికి కరగదు.

ఎండోస్కోపు ద్వారా బెలూన్ పెట్టి ద్వారాన్ని వెడల్పు చేస్తే వెంటనే ఉపశమనం దొరుకుతుంది, అయితే చాలామందిలో నెలల వ్యవధిలోనే ఇరుకు తిరిగి వస్తుంది. ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి ఇది పనికొచ్చే మార్గం. శిశువులకు రామ్‌స్టెడ్ చేసిన చీలిక పెద్దవారిలో అంత సులువు కాదు. ఏళ్ల తరబడి వాపు వల్ల లోపొర కండరానికి అతుక్కుపోయి ఉంటే చీల్చేటప్పుడు చిల్లుపడే ప్రమాదం ఉంటుంది. కండరాన్ని నిలువుగా కోసి అడ్డంగా కుట్టే పైలోరోప్లాస్టీని 1886లో హైనెకె, ఆ మరుసటి ఏడాది మికులిచ్ మొదలుపెట్టారు. 1902లో అమెరికాలో ఫిన్నీ దానికి మరో రూపమిచ్చారు. అతివృద్ధిలో కండరం మరీ దళసరిగా ఉండటంతో ఆ కుట్టు సరిగా కూడిరాదు, కారే అవకాశం ఉంది.

అందుకే చాలామంది సర్జన్లు జీర్ణాశయపు చివరి భాగాన్ని తీసేసి మిగిలినదాన్ని పేగుకు కలపడం వైపే మొగ్గారు. ఈ పద్ధతిలో మొదటి విజయం థియోడోర్ బిల్‌రోత్‌ది. 1881 జనవరి 29న వియన్నాలో ఆయన పైలోరస్ క్యాన్సర్ ఉన్న 43 ఏళ్ల స్త్రీకి ఈ ఆపరేషన్ విజయవంతంగా చేశారు. క్యాన్సర్ కోసం పుట్టిన ఆపరేషనే క్యాన్సర్ కాని ఈ జబ్బుకూ వాడుతున్నారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: తీసిన భాగాన్ని పూర్తిగా పరీక్షించవచ్చు, అడ్డు మళ్లీ రాదు, అనుమానమూ మిగలదు. అయినా నా అభిప్రాయంలో, పరీక్షలు స్పష్టంగా అతివృద్ధి అనే చెబుతున్నప్పుడు సగం జీర్ణాశయాన్ని తీసేయడం ఎక్కువే. తిన్న వెంటనే కళ్లు తిరగడం, విరేచనాలు, బి12 విటమిన్ లోపం వంటి ఇబ్బందులు ఆ రోగి జీవితాంతం మోయాల్సి రావచ్చు. పైలోరస్ వరకే తీయడం, లేదా ఆపరేషన్ మధ్యలోనే ముక్కను అప్పటికప్పుడు పరీక్షకు పంపి, దాని ఫలితాన్ని బట్టి ఎంత తీయాలో తేల్చుకోవడం ఇంతకంటే న్యాయమైన దారి.

ఎండోస్కోపు ద్వారానే లోపొర కింద సొరంగం చేసి కండరాన్ని మాత్రమే కోసే కొత్త పద్ధతి అందుబాటులోకి వచ్చింది. అన్నవాహికకు దీన్ని 2008లో జపాన్‌లో హరుహిరో ఇనౌయే మొదలుపెట్టారు. పైలోరస్‌కు 2013లో అమెరికాలో మువెన్ ఖషాబ్ బృందం చేసింది, అది జీర్ణాశయ కదలికలు మందగించిన రోగికి. కండర అతివృద్ధికీ దీన్ని వాడటం మొదలైంది. పొట్ట కోయకుండా, జీర్ణాశయం తీయకుండా సరిగ్గా జబ్బున్న పొరనే తాకే చికిత్స ఇది. కేసులు తక్కువ కావడంతో దీర్ఘకాలపు అనుభవం ఇంకా పోగుపడాలి. పైగా కోసిన కండరం అక్కడే ఉండిపోతుంది కాబట్టి, క్యాన్సర్ కాదని ముందే లోతైన ముక్కతో తేల్చుకున్నాకే ఈ పద్ధతికి వెళ్లాలి.

సరైన చికిత్స జరిగితే ఈ రోగులు కోలుకుని మామూలుగా తినగలుగుతారు, పోయిన బరువు తిరిగి వస్తుంది. నిన్నటి అన్నం ఈరోజు వాంతిలో కనిపిస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా గ్యాస్ మాత్రలతో కాలం గడపవద్దు, ఎండోస్కోపీ చేయించుకోండి. బయాప్సీలో ఏమీ లేదని వచ్చి కూడా తిన్నది దిగడం లేదంటే, కండర పొర వరకూ చూసే అల్ట్రాసౌండ్ చేయమని మీ డాక్టరును అడగండి.